పద్నాలుగు నెలల పీపా

ఫిలోమినా చిన్న గ్లాసుల పోసింది,
మూడు గుక్కలకు మించదు.
"ఇది సల్లగ తాగేది కాదు,
అరచేతుల పట్టుకొని కూసో" అన్నది.

బయట అబుదాబి మీద ఆగస్టు ఉడుకుతున్నది.
లోపట నేను కడిగిన ట్యాంకులు
అద్దాల్లెక్క నిలవడ్డయ్.

మాగిన ఈతపండు రంగు.
నురుగు తక్కువే, అంచుకు పట్టుకొని పోనంటది.
మొదటి గుక్క మాడిన బెల్లంపాకం.
ఎన్కనే ఎండు ఖర్జూరం,
నారింజ తొక్క చేదు జరంత.
మింగినంక ఛాతిల ఓ పొయ్యి మెల్లగ అంటుకున్నది.

మా తాత లొట్టి దించంగనే రేక పట్టేటోడు,
నాలిక మీద ఏసుకొని ఏ చెట్టుదో చెప్పేటోడు.
కల్లు పొద్దుగాల పసిది,
పగటీలికి పులుపెక్కిన ముసల్ది.
ఇది చెక్కపీపాల పద్నాలుగు నెలలు పండుకొని
ఇప్పుడిప్పుడే మాటలు నేరుస్తున్నది.

"ఏం దొరికింది?" అన్నది ఫిలోమినా.
బెల్లం చెప్పిన, ఖర్జూరం చెప్పిన, తొక్క చెప్పిన.
ఒక్కటి చెప్పలే.
అట్టడుగున,
వానకు తడిసిన మోకు వాసన.

ఆఖరి గుక్క మిగిలింది.
ఎంతసేపున్నా చెడదట.
నాలుగో ట్యాంకు మూత తీసి ఉన్నది,
పైపు ఇంకా కారుతున్నది.