మడత

వెన్ను మీద ఇరవై రెండు కుట్లంట.
షబీనా ఫోన్లో ఫొటో తీసి చూపించింది.
నేనైతే ఇంకా దగ్గర దగ్గరగా వేసుందును,
దారం కనపడకుండా.

చిన్నాయన పుత్తూరు నుంచి ఆకు కట్టు తెచ్చినాడు.
ఎముకైతే దాని మాట ఇనును.
ఇరిగింది ఎముక కాదు చిన్నాయనా,
కందిగింజంత గడ్డ
లోపలి తీగ మీద కూర్చున్నాది.
బొడ్డు కింద నుంచి
ఊరంతా కరెంటు లేదు.

నాయనకు నలభైలో కళ్ళు పోతే
శెనక్కాయ చేన్లో పాము ఊదిందన్నారు.
మేనత్త తూలి తూలి పడితే
గాలి సోకిందన్నారు.
డాక్టరు కాగితం మీద గీతలు గీసి
అందరినీ ఒక కొమ్మకు తగిలించినాడు.
నల్ల చదరం నాయన,
నల్ల సున్నా మేనత్త,
ఇంకో నల్ల సున్నా నేను.
గుంట నేల పంచని వంశం
ఇదొక్కటి మరవకుండా పంచింది.

తిరుపతిలో ఇది మూడో నెల.
కిటికీలో కొండ. ఎక్కేవాళ్ళు ఎక్కుతానే ఉంటారు.
నాకు రెండు కమ్మీల మధ్య ఆరడుగులు.
నాలుగ్గంటలకోసారి గొట్టం,
ఆ సిగ్గు మొదటి వారమే చచ్చింది.
పుండు పడకుండా రాత్రిళ్ళు లేసి
దోసె తిప్పినట్టు తిప్పుతాడు దొరసామి,
పెళ్ళయిన పదారేళ్ళకు
ఒక వంట నేర్చుకున్నాడు.

'బొటనవేలు ఆడించక్కా' అంటుంది షబీనా.
ఎట్ల చెప్పేది దానికి?
ఎప్పుడూ చెప్పింది లేదే.
పెడలు మీద పెడితే అదే పొయ్యేది,
రైకలు, లంగాలు,
జూన్ అంతా బడిపిల్లకాయల యూనిఫారాలు.
కండ్లు మూసుకుంటా.
మంచం కింద మిషను ఉందనుకుంటా.
సూదికి దారం ఎక్కించినాననుకుంటా.

నిన్న కదిలిందంట.
షబీనా కేకేసింది, పక్క మంచమాయన గూడా చూసినాడు.
నేను చూళ్ళేదు.
మళ్ళీ అడిగితే
మళ్ళీ కదల్లేదు.

పాప రక్తం వేలూరుకు పోయింది.
సగానికి సగం అన్నాడు డాక్టరు,
కొలత టేపు మధ్యలో వేలు పెట్టి చూపినట్టు.
కవరు వచ్చి నాలుగు దినాలు,
దిండు కింద ఉండాది.

హంసవేణికి తెలీదు.
సాయంత్రం వచ్చి నా చక్రాల కుర్చీలో కూచుని
గిర్రున తిరిగింది.
'పావడ పొట్టయిందిమా, అంచు దింపు' అంటూ
ఒళ్ళో పడేసింది.

పళ్ళతో దారం తెంచి
మడత ఇప్పినాను.
పోయినేడు కుట్టినప్పుడే
రెండంగుళాలు ఎక్కువ పెట్టినా,
బిడ్డ పెరుగుతాది కదా అని.