ఎడమ పక్క గల్లీ

పార్సిగుట్ట మీద ప్రెషర్ రాదని
ముప్పై ఏండ్ల సంది తిట్లు తిన్నోణ్ణి.
నీళ్ళిడిసే సాయిలు అంటే
బౌద్ధనగర్ దాంక ఎవ్వరైన చెప్తరు.
భుజం మీద ఇనుప చావి,
తెల్లారి నాలుగింటికి రోడ్డు మీది మూత లేపి
పదిహేడు చుట్లు.
పద్దెనిమిదో చుట్టు తిప్పితే
కింది గల్లీల పాత పైపు పలుగుతది.
ఆ లెక్క ఏ కాయితంల లేదు,
నా మణికట్టుల ఉన్నది.

అసొంటోణ్ణి కూసోబెట్టి డాక్టరమ్మ అన్నది:
"మీ కంట్లో ప్రెషర్ ఎక్కువుంది. ఇరవై ఎనిమిది."
నవ్వొచ్చింది.
పై గల్లీ జహీరా బీకి చెప్పాలె అనుకున్న,
బిందె పట్టుకొని రామ్మా,
ఈడున్నది నువ్వడిగిన ప్రెషర్.

నొప్పి లేదు. ఎర్రగ గాలేదు. నీరు కారలేదు.
మూడు నెలల కింద హోటల్ల
ఎడమ చేతి పక్కనున్న చాయ్ గిలాస తన్నిన,
పక్కోని పాంటు ఖరాబైంది.
అటెనుక ఒక స్కూటీ,
గాలిల కెళ్ళి పుట్టినట్టు మీదికొచ్చింది.
"కనబడ్తలేదా అంకుల్" అన్నది ఆ పిల్ల.
కనబడ్తలేదని నాకేం ఎరుక?
చీకటైతే చీకటని తెలుస్తది.
ఇది చీకటి గాదు.
అక్కడ గల్లీయే లేనట్టు.

డాక్టరమ్మ కాయితం మీద కన్ను గీసింది.
లోపట నీరు పుడ్తనే ఉంటదట,
మూలకున్న జల్లెడల కెళ్ళి పోతనే ఉండాలెనట.
"ఆ జల్లెడ పూడుకుపోయింది, సాయిలు గారూ."
గారు అనకు తల్లీ, మోరీ పూడింది, గంతేగద?
ఆమె నవ్వి, బొమ్మ పక్కన బాణం గీసి
మోరీ అని రాసింది.

చుక్కలేసిన్రు. కన్ను మొద్దుబారింది,
ఇంకెవల్దో కన్ను నాకు పెట్టినట్టు.
గదువ ఒక పట్టె మీద, నొసలు ఇంకో పట్టెకు.
చల్లటి జిగురు రాసిన అద్దం తెచ్చి
గుడ్డుకానిచ్చింది. కదలకన్నది.
టక్కు. ఆకుపచ్చ మెరుపు. టక్కు.
నేను లెక్కపెట్టిన, అలవాటు గద.
నలభై దాంక మంచిగనే పెట్టిన,
గప్పుడు బాలమణి యాదికొచ్చి తప్పిన.
డ్యూటీ కెళ్ళి అట్లనే ఒచ్చినం,
నా చావి ఒళ్ళె పెట్టుకొని బయట కూసున్నది.
దవఖానల ఇనుప రాడ్డేందని సెక్యూరిటీ అడిగితే
"మా ఆయన నీళ్ళిస్తడు" అని చెప్పిందట,
అందరికీ ఇనబడేటట్టు.

నూటొక్కటి అన్నది డాక్టరమ్మ, అయిపోయినంక.
మొక్కు టెంకాయల లెక్క.

"ఇంక మొత్తం కనబడ్తదా అమ్మా?"
ఆమె చేతులు కడుక్కుంటున్నది.
నల్లా బందు జేసి, బొట్టు పడ్తలేదని చూసి
అప్పుడు చెప్పింది:
పోయింది రాదు. ఉన్నది పోకుండ చూస్కుందాం.

నేనేం మాట్లాడలే.
పలిగిన పైపుల కెళ్ళి పోయిన నీళ్ళను
ఎన్ని రాత్రులు చూడలే?
లైట్ల కింద మెరుసుకుంట
మూసీ దిక్కు పోతుంటయి.
ఎత్తి మళ్ళ పైపుల పోసినోడు లేడు.

గంటాగి చూస్తే ఇరవై రెండు.
ఆరు వారాలకు పంతొమ్మిది.
సీసా బందు గాలే, రాత్రి బాలమణే వేస్తది,
పైకి చూడు, రెప్ప కొట్టకు,
అరె, కొట్టకంటే కొడ్తవేంది అని తిడుతది.
రిటైర్మెంటుకింక రెండేండ్లు.
కుడి కన్నుకు బేస్తారం రమ్మన్నరు.

ఇయ్యాల నాలుగింటికి మూత లేపిన.
పదిహేడు చుట్లు.
కుడి పక్క బిందెల వరుస కనబడ్డది.
ఎడమకు మెడ తిప్పాలె.
తిప్పక ముందే ఇనబడ్డది
ఖాళీ డ్రమ్ముల మొదటి నీళ్ళ సప్పుడు,
దానెనుక జహీరా బీ గొంతు:
"క్యా సాయిలూ, ప్రెషర్ కిధర్ హై?"