తుమ్ము

బ్రాడీపేటలో దారి తప్పడం కష్టం.
నిలువునా లైన్లు, అడ్డంగా రోడ్లు,
ఎవరో రూళ్ళు గీసి పెట్టుకున్న చిట్టా పుస్తకం.
అయినా తప్పాను.

గోనెసంచిలో నా లెక్కలు:
సిగరెట్ అట్టల వెనక, శుభలేఖల వెనక,
మిర్చి యార్డు కాటా చీటీల వెనక
పాత గోతాలు కొన్నదీ, మాట్లేసి అమ్మినదీ.
ఫోనుకొచ్చిన నోటీసు మా చెల్లెలి కొడుకు చదివాడు.
"పెద్దమ్మా, బ్యాంకులో పన్నెండు లక్షల నలభై వేలు
నోట్లుగా వేశావంట. ఎక్కడివి అంటున్నారు."
ఎక్కడివేంట్రా,
నా చేతి మీదుగా పోయినయ్యి.
ఆగినయ్యి కావు.

మొదటాయనది నాలుగో లైను. అద్దాల గది, చలి.
సంచి మూతి విప్పగానే తుమ్మాడు.
యార్డు ఘాటుని ఏసీ గదంతా పంచింది.
"ఇవన్నీ కంప్యూటర్లో ఎక్కించుకుని రండమ్మా"
అని రుమాల్లోంచే చెప్పాడు.

రెండో మనిషి అరండల్‌పేటలో.
కమీషన్ కొట్టు గుమాస్తా చెప్పిన మనిషి.
సంచి విప్పనే లేదు.
"ఎందుకక్కా అవన్నీ! మీ అత్తగారికి
రెండెకరాలున్నాయనుకుందాం. మిర్చి పండిందనుకుందాం.
పంట డబ్బుకి పన్నేముంది?"

మా అత్త పోయి పదకొండేళ్ళు.
బతికుండగా ఆమెకి కుండీలో కరివేపాకు మొక్క కూడా లేదు.
ఆ బల్ల మీద, ఒక్క నిమిషంలో, ఆసామి అయిపోయింది.
కొంగు నడుముకి దోపి గట్టు మీద నిలబడి
కోత కూలీల్ని కేకలేస్తోంది.
ముచ్చటేసింది, అబద్ధమెందుకు.
ఆ వెనకే భయమేసింది.
వాళ్ళిచ్చిన మజ్జిగ తాగి లేచొచ్చాను.

జిరాక్సు కొట్టు పైన, ఇరుకు మెట్లెక్కితే, జుబేదా.
నా కూతురి వయసుంటుంది.
సంచి బోర్లించగానే ఆమెకీ తుమ్ములే.
"చిరంజీవ" అన్నాను నాలుగో దానికి.
కిటికీ తెరిచి, చున్నీ ముక్కుకి కట్టుకుని
నేల మీద బాసింపట్టు వేసుకుని
ఒక్కో చీటీ వేరుచేస్తూ కూర్చుంది.
కళ్ళల్లో నీళ్ళు. చదవడం మాత్రం ఆపలేదు.

"ఈ 'పో' ఏంటండీ? నెలనెలా ఐదొందలు."
పోలేరు. మా దగ్గర గోతాలు కుట్టేది.
దబ్బనం ఎగిరి కన్ను పోయింది.
"ఇప్పుడు పనికి రావట్లేదుగా?"
రావట్లేదు.
"ఎన్నేళ్ళు?"
ఆరు.
తెర మీద పైకీ కిందకీ వెతికింది.
"దీనికి గడి లేదండీ" అంది, తనే తప్పుచేసినట్టు.

తర్వాత నిదానంగా చెప్పింది:
అమ్మకంలో నూటికి ఎనిమిది లాభమని ఒప్పుకుంటే
ఖర్చుల చీటీలు అడగరంట.
ఎనిమిదా!
సర్కారుకి నా మీద నాకంటే నమ్మకం.

"మొత్తం మూడు వేలు. సగం ముందు."
రెండున్నర చేసుకో అన్నాను.
గోతాల మనిషిని, బేరమాడకపోతే రాత్రి నిద్రపట్టదు.
"మూడే" అని మళ్ళీ తుమ్మింది.

ఇచ్చాను. రసీదు రాసింది.
ఇంటిపేరుతో సహా నా పేరు, తేదీ, సంతకం.
ముప్పై ఏళ్ళ వ్యాపారంలో
నేను డబ్బిస్తే నా పేరు రాసినవాళ్ళు లేరు.

మెట్ల మీద ఆగి తిప్పి చూశాను.
వెనక ఖాళీ.
జిరాక్సు కుర్రాణ్ణి పెన్ను అడిగి
ఈ నెలది అక్కడే రాసుకున్నాను.
పో, 500.