అడుసు తొక్కిన శనివారం

ప్లాసితా వెర్దేలో చర్చికి ఒక్క సూటి గీత లేదు.
లెక్కల టీచర్ని కదా, వచ్చిన రోజే చూశాను.
ఎడమ బురుజు కుడిదానికన్నా జానెడు లావు.
గోడ అడుగున వెడల్పై, పైకి పోయేకొద్దీ సన్నబడి,
చంకన నీళ్ల బిందె ఉన్న మనిషిలా
కాస్త ఒక పక్కకి ఒరిగి నిలబడుతుంది.
న్యూ మెక్సికో ఎండలో
దాని నీడకి కూడా మూలలు గుండ్రమే.

రెండేళ్లు రోడ్డు మీంచే చూశాను.
బడికి పోయేటప్పుడు బెల్లం రంగు,
వచ్చేటప్పుడు కాలిన కుండ రంగు.
మంచు కురిసిన మర్నాడు మాత్రం
ఎవరో మరిచిపోయిన రొట్టెలా ఉండేది.
లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.
వద్దనీ అనలేదు.

మే నెలలో ఒక పొద్దున
ఏడో తరగతి అడెలైదో తలుపు కొట్టాడు.
"మా అమ్మమ్మ రమ్మంది.
పాత బట్టలు వేసుకోమంది."

చర్చి ముందు మట్టికుప్ప, గోధుమగడ్డి మోపులు.
కాలవ నీటికి ఇక్కడా ఒక నీరటి ఉన్నాడు,
డాన్ ప్రొకోపియో, టోపీ తీయడు.
ఇవాళ వంతు చర్చిదని తూము ఎత్తాడు.
మగవాళ్లు కలపాలి, ఆడవాళ్లు మెత్తాలి,
అదీ పద్ధతి.
నేను రెండిటికీ మధ్య నిలబడి చూస్తున్నాను.
అడుసు తొక్కనేల, కాలు కడగనేల
అని బుద్ధి చెప్పే భాష నాది.
చెప్పులు విప్పి దిగాను.

యుఫేమియాకి ఎనభై ఒకటి.
గుప్పెడు మట్టి తీసి అరచెయ్యి బోర్లించింది.
జారలేదు. తల ఊపింది.
పదును, అన్నాను పైకే.
ఎవరికీ అర్థంకాని మాట
ఎంత సరిగ్గా సరిపోయిందో!

అరవై ఎనిమిదిలో సిమెంటు పూశారట,
ఏటేటా ఈ చాకిరీ ఎందుకని.
పదిహేనేళ్లు పెళ్లికొడుకులా ఉందట గోడ.
లోపల చేరిన తడికి దారి లేక
ఇటుకలన్నీ సంకటై,
ఒక రాత్రి ఉత్తరం వైపు చప్పుడు లేకుండా కూర్చుండిపోయిందట.
గడ్డపారలతో సిమెంటు ఊడగొట్టింది వీళ్లే.
యుఫేమియా స్పానిష్‌ని మనవడు ఇంగ్లీషులోకి, నేను తెలుగులోకి:
"గోడకి ఊపిరాడాలి.
తడవాలి, ఎండాలి, రాలాలి.
రాలితేనే కదా మళ్లీ మేం వస్తాం."

మంచినీళ్లకి లోపలికి వెళ్లాను.
మధ్యాహ్నం మధ్యలో ఒక బావి చల్లదనం.
దూలాల మీద బాడిస దెబ్బలు ఇంకా తెలుస్తున్నాయి.
గూట్లో రైతు సాధువు, మూరెడు కొయ్యబొమ్మ.
ఆయన ప్రార్థనలో ఉంటే దేవదూత పొలం దున్నుతాడట.
నా కళ్లు ఎడ్ల మీదే.
కాడి మెడ మీద లేదు, కొమ్ములకి కట్టి ఉంది.
అలా కడితే నొప్పి కాదూ, అని
ఎవరినడగాలో తెలియక
సాధువునే అడిగాను.

నాకు ప్రార్థన రాదు.
మా నాన్న పార్టీ మనిషి.
మా ఇంటి గోడకి ఒకటే మేకు,
మేకుకి క్యాలెండరు.
దండం పెట్టాలంటే ఏ వేలు ఎక్కడుండాలో
ఇప్పటికీ అనుమానమే.

బయటికొస్తే తలుపు కుడిపక్క, మోకాలెత్తున
చాటంత జాగా నాకు వదిలిపెట్టారు.
నా చేతి మీద ఆమె చెయ్యి,
గరుకు, వేడి, పైగా బరువు.
కింద నుంచి పైకి, అరవంకగా, మళ్లీ.
రెండుసార్లు గీకేసింది.
మూడోసారి ఏమీ అనలేదు.

నా వీసా మూడేళ్లు.
వానలు కనికరిస్తే పూత రెండేళ్లు.
ఏది ముందు రాలుతుందో
జూలై మబ్బులకే తెలియాలి.
ఈ లెక్క నేను చేయను.

సోమవారం భిన్నాలు.
బోర్డు మీద రెండు బై మూడు రాసి
అటు తిరిగి ఉండగా
వెనక బెంచీ నుంచి అడెలైదో:
"టీచర్,
మీ చెవి వెనక కొంచెం చర్చి ఉంది."