రెండో క్యాసెట్

మొదటి క్యాసెట్ ఇంటి ఓనరు పాణిగ్రాహి తెచ్చాడు,
అటక మీది బియ్యం డబ్బాలో దొరికిందని.
లోపల బూజు, ఒక చచ్చిన పురుగు.
స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, తిప్పి చూశాను:
తలుపులు, కేకలు, పరుగెత్తే గోడ,
చివర్న నేలమీద పడ్డ కెమెరా,
దాని ముందు ఓ చెప్పు, తిరగబడ్డ మరచెంబు.
ఆ తర్వాత మూడేళ్లు, గుణుపురంలో ఆ ఇంటికి
అద్దె బోర్డు వేలాడింది,
ఒకవైపు ఒడియాలో, ఒకవైపు తెలుగులో.
ఏ వైపూ ఎవరూ చదవలేదు.

రెండో భాగం ఎప్పుడూ
మొదటిది చూడనివాళ్లతోనే మొదలవుతుంది.

లెంక తవిటేశు, చింతపండు కమీషన్ వ్యాపారి.
భార్య సుకాంతి. లిపి, బాబుల పిల్లలు.
అద్దె సగానికి సగం.
తెర మూల తేదీ డిసెంబరు. మార్గశిర లక్ష్మివారం.
గుమ్మం నుంచి వంటింటి దాకా
సుకాంతి బియ్యప్పిండితో వేసిన అమ్మవారి పాదాలు,
అన్నీ లోపలికే నడుస్తున్నాయి.
పక్కనే ఇంకో వరస,
పిండి కాదు, తడి.
మడమ కొంచెం పెద్దది.
"ఏరు దగ్గర గదా, గచ్చు సెమర్సింది" అన్నాడు తవిటేశు.
కెమెరా ఆ మాటకి కాస్త కిందికి వంగింది,
చిన్నబుచ్చుకున్నట్టు.

అప్పుడు లెక్కపెట్టాను.
తవిటేశు నిచ్చెన మీద, బల్బు మారుస్తూ.
సుకాంతి పొయ్యి దగ్గర.
లిపి ఎక్కాలు రాస్తోంది, తప్పులు.
బాబుల గొంగట్లో, జ్వరంతో.
ఇంట్లో నలుగురు. తెరలో నలుగురు.
వాళ్లకసలు కెమెరా లేదు.

నా వీపు మీద ఫ్యాను ఆగింది. కరెంటే,
మా వీధికి రోజూ ఏడింటికి పోతుంది.
మిగతాది ఇన్వర్టరు మీద చూశాను.

ఇరవై రెండేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను,
ఒక్క ఆల్బంలోనూ నేను లేను.
తీసే చెయ్యి ఎలాంటిదో నాకు తెలుస్తుంది.
ఇది భయపెట్టే చెయ్యి కాదు.
బాబుల దగ్గినప్పుడల్లా దగ్గరికి జరుగుతుంది.
గొంగడి జారితే అక్కడే ఆగిపోతుంది,
సుకాంతి వచ్చి కప్పేదాకా కదలదు.
లిపి మొహం మీద దీపం ఏ వైపు పడితే బావుంటుందో
ఆ వైపే వెతుక్కుని నిలబడుతుంది.
నాకు పని నేర్పినాయనకి కూడా అంత ఓపిక లేదు.

మూడో రాత్రి
సుకాంతి సూటిగా లెన్సులోకి చూసింది.
కుర్చీ వెనక్కి జరిపాను.
ఆమె కేక వెయ్యలేదు. చెయ్యి కడుక్కుని
అయిదో కంచం పెట్టింది.
"ఎంతసేపలా నిలబడతావప్పా,
సారు సల్లారిపోతంది. కూకో."

కెమెరా చాలాసేపు వణికింది.
తర్వాత ఎవరో దాన్ని మెల్లగా డబ్బా మీద పెట్టినట్టు
బొమ్మ ఒరిగి నిలిచింది.
పీట కిర్రుమంది.
అంతే.
మిగతా నలభై నిమిషాలూ గోడ, గోడ మీద బల్లి,
కంచాల చప్పుడు, బాబుల నవ్వు,
చింతపండు ధర మీద తవిటేశు గొణుగుడు.
అతను అటువైపు చూడకుండా తింటున్నాడని
గొంతులోనే తెలుస్తోంది.

మొదటి క్యాసెట్ మళ్లీ వేసుకున్నాను.
అన్ని అరుపుల మధ్యా వెతికాను.
ఒక్కరూ కంచం పెట్టలేదు.

నిన్న సుకాంతి వచ్చింది, పాతపట్నం బస్సు దిగి,
జుట్టు సగం తెల్లబడి. పెన్‌డ్రైవు చేతిలో పెట్టాను.
"అంతా వచ్చిందా?"
వచ్చిందన్నాను.
"ఆయమ్మ మాటెక్కడైనా పడిందా, బాబూ?"
పడలేదన్నాను.

ముప్పై ఏడో నిమిషంలో,
గిన్నె మూత చప్పుడు కింద,
చాలాకాలం వాడని గొంతు ఒకటి
ఉప్పు అడిగింది.
ఉప్పందో, లుణొ అందో తేల్చుకోలేను.
ఆ పూట ఎవరికీ వినపడలేదు.

అన్నేళ్ల తర్వాత పెట్టిన ఆ ఒక్క భోజనంలో
చారు చప్పగా ఉందని
సుకాంతికి ఎలా చెప్పను?