మకీకె అంటే

షువైఖ్ రేవులో మా బస్తాలు పద్నాలుగు ఆపేశారు.
ఒక్కో బస్తా మీదా ఒకటే మాట, నీలం సిరాతో:
మకీకె.

మందూబ్ హమ్దీ ఫోన్లో అరుస్తున్నాడు,
"మట్టా? మట్టయితే రానివ్వరు.
కర్రా? కర్రయితే పొగ పెట్టాలి.
మొక్కా? మొక్కయితే కాగితమేదీ?"
అల్ రాయ్ నర్సరీలో, పచ్చ వల కింద,
విప్పిన బస్తా మూతిలా నోరు తెరుచుకుని నేను.

మొదటిసారి విన్నప్పుడు ఆ మాట
పంక్తిలో ఎవరో వదినమీద విసుక్కున్నట్టుంది:
మాకీకే, చాలు, ఆ చివర వాళ్ళకి వెయ్యి.

కౌంటర్లో లూర్దెస్‌ని అడిగాను.
వాళ్ళ భాషలో బల్ల స్పానిషే, చెంచా స్పానిషే,
బూట్లూ దేవుడూ కూడా ఆ ఓడల్లోంచే దిగారట.
ఇది మాత్రం దిగలేదు.
"ఆకయితే తెలుసు, చుట్ట చుట్టుకున్న లేత కొన,
కొబ్బరిపాలు పోసి వండుతాం" అంది.
షఫీకుల్ "మేమూ తింటాం, ఆవాలు వేసి" అన్నాడు.
మధ్యాహ్నం పని ఆపే వేళ, అందరికీ ఆకలి.
మాట అలాగే ఉండిపోయింది.

మెక్సికోలో అమ్మినాయన గొంతు రికార్డు చేసి పంపాడు.
మకీకె అంటే మకీకే కదా, అంటున్నాడు కాబోలు,
ఉప్పంటే ఏంటని అడిగినవాడికి చెప్పినట్టు.
అతని వెనకాల వాన.
రేకు మీద పడుతోంది, ఆగి ఆగి.
జూన్ నెల, బయట నలభైతొమ్మిది,
అర్థం కోసమని చెప్పి ఆ రికార్డు నాలుగుసార్లు విన్నాం.

పుస్తకం దాన్ని పర్ణాంగం అంటుంది.
ఆ పేరుతో కడియంలో ఒక్క మొక్కా అమ్ముడుపోలేదు.

ఉమ్ దారి గారి ఆర్కిడ్ కింద పాత ముక్క ఒకటుంది.
అంటు కత్తితో ఓ పెచ్చు లేపి చూశాను.
బెరడు లేదు, చేవ లేదు.
నడుమ బొటనవేలంత బోదె, చుట్టూ అన్నీ వేళ్ళే,
పైనుంచి దిగుతూ, ఒకదాని మీద ఒకటి పడి,
నల్లగా బిగుసుకుని,
దూరం నుంచి చూసినవాడికి మాను.

గూటీలు కట్టడం నాకు నేర్పిన మంగతాయారు
పేర్లన్నీ పనిని బట్టే పెట్టేది:
కత్తికి తెగేసేది, పురికొసకి ఆపేది,
కొబ్బరి పీచుకి తడి దాచేది.
నాకు నీళ్ళోడు.
ఆవిడైతే దీన్ని వాసన చూసి, నాలిక్కి తాకించి,
ఈపాటికి పిలిచేసి ఉండేది.

నేను బిల్లు వెనకాల రాసుకున్నాను:
వేరుమాను.
కొట్టేసి, మళ్ళీ రాశాను.

"వేళ్ళని చెప్పు" అన్నాను హమ్దీతో.
"వేళ్ళంటే మొక్క."
"చచ్చిన వేళ్ళని చెప్పు."
"చచ్చినవాటికి ఇంత డబ్బు పోశాడా ముదీర్?"
అప్పుడు ఎవరో వెనకాలనుంచి నవ్విన చప్పుడు.
ఫారం అడుగున ఆఖరి గడి ఒకటుందిట,
ఘైర్ దాలిక్:
పైవేవీ కానిది.
అక్కడ టిక్కు పెట్టించాడు.

నా అకామా కాగితంలో నేను గొర్రెల కాపరిని.
పదకొండేళ్ళలో ఒక్క గొర్రెనీ కాయలేదు.
ఆ కాగితంలో ఆఖరి గడి ఉందో లేదో
ఎప్పుడూ చూడలేదు.

అసర్ నమాజు దాటాక లారీ వచ్చింది, ఒళ్ళంతా దుమ్ము.
బస్తా విప్పితే
ఆర్పిన పొయ్యి మీద చినుకు పడ్డ వాసన.
లూర్దెస్ చిరిగిన మేజోళ్ళు పీలికలు చేసి ఇచ్చింది,
వాండాని పలకకి ఆనించి కట్టాం,
మరీ బిగించకుండా, మరీ వదలకుండా.
ఇది బదనిక కాదు, ఎవరి రసమూ పీల్చదు.
దీనికి పట్టుకోడానికి చోటుంటే చాలు,
మిగతాది గాల్లో చూసుకుంటుంది.
ఏసీ ఆగితే మాత్రం రెండు గంటలే.

కొత్తగా వచ్చిన కోరుట్ల కుర్రాడు రాజలింగం
"దీని పేరేందన్నా?" అన్నాడు.
గొంతు సవరించుకున్నాను, బిల్లు కోసం జేబు తడిమాను.
వాడు ఈలోపే లారీ వైపు తిరిగి కేకేశాడు:
"ఓ షఫీక్ భాయ్,
గా మాకీకె ఇంకోటి పట్టుకరా!"