తెప్ప

ఏరు దాటాక తెప్ప తగలేయడం
మనుషుల్లో తిట్టు.
కెర్నెల్లో అది నియమం.

బోర్డుకి కరెంటు తగలగానే
అందరికన్నా ముందు లేచేది ఆ కోడే.
గడియారం సరిచేస్తుంది,
ఎవరెవరు వచ్చారో పేరుపేరునా పిలుస్తుంది,
ఒక్కో పరికరం చేతిలో ఒక్కో చిరునామా పెడుతుంది.
రెండున్నర సెకన్లు.
ఆపైన తెరమీద ఒక్క వరుస:
వాడని మెమరీ విడుదల, 1216 కిలోబైట్లు.
ఎవరూ నొచ్చుకోరు.
పందిరి గుంజలు పీకిన గుంతల్లో
ఆ క్షణానే ఇంకెవరో కాపురం పెడతారు.

మార్చి నెల, బోత్నియా అఖాతం.
మంచు పగలగొట్టే ఓడ, రాత్రి రెండు నలభై.
సోనార్ కేబుల్ కొస తుప్పు పట్టిందని
ఓస్మో దాన్ని పీకి, చొక్కా అంచుతో తుడిచి,
మళ్ళీ గుచ్చాడు.
అంతే చేశాడు పాపం.

డ్రైవరు ఉలిక్కిపడి లేచింది.
కొత్తగా వచ్చిన పాత చుట్టానికి
కాళ్ళకి నీళ్ళివ్వాలి కదా,
పదకొండేళ్ళ కిందటి తన తొలి ఫంక్షన్ని
అదే చిరునామాలో తలుపు తట్టి పిలిచింది.
ఆ ఇంట్లో ఇప్పుడు
ఆ రాత్రి కొలిచిన మంచు మందాలున్నాయి:
అరవై ఒకటి, అరవై నాలుగు, డెబ్భై.
పాత ప్రాసెసర్, అమాయకురాలు,
ఆ అంకెల్నే ఆజ్ఞలనుకుని
ఒక్కొక్కటీ పాటించబోయింది.

తెర నల్లబడింది.
కింద ఎంత లోతుందో తెలియని ఓడ
మంచు మధ్య నలభై నిమిషాలు నిలబడింది.

ఊలు రేవులో, మూడో అంతస్తులో,
తుయిరే ఆ లాగ్ చదివింది,
ఉన్ని మేజోళ్ళలో కాళ్ళు ముడుచుకుని.
కంపైలర్ చెప్పకపోలేదు.
ప్రతి బిల్డులోనూ చెప్పింది:
ఉండేవాడు వెళ్ళిపోయేవాణ్ణి నమ్ముకున్నాడు, జాగ్రత్త, అని.
నలభై మూడు పసుపు హెచ్చరికల్లో
అది ఇరవై ఆరోది.
అందులో తను చదవకుండా దాటేసిన రోజులు
ఆమె లెక్కపెట్టుకోలేదు.

ఫంక్షన్ పేరుకి ముందు ఒక్క మాట ఉంది,
పని కాగానే నన్ను పారేయండి, అనే మాట.
దాన్ని చెరిపేసింది.
మరమ్మతంతా అదే.
కేబుల్ ఏడుసార్లు పీకింది, ఏడుసార్లు గుచ్చింది.
ఏడుసార్లూ సోనార్
ఇప్పుడే పుట్టినట్టు కళ్ళు తెరిచింది.

ఆ మాట రాసింది కాలెర్వో.
రిటైరై హైలువోతో దీవిలో ఉంటున్నాడు.
ఆదివారం తుయిరే బయల్దేరింది,
గడ్డకట్టిన సముద్రం మీది దారిలో,
బెల్టు విప్పుకుని, అద్దం సగం దించి,
ముందు కారుకి యాభై మీటర్ల దూరంలో.
చలికాలం దారి అది.
వసంతంలో దాని గుర్తుకర్రలు పీకేస్తారు,
పీకడం మరిచినవాటిని సముద్రం పట్టుకుపోతుంది.

కాలెర్వో కాఫీ పోశాడు. అంతా విన్నాడు.
"నా ఓడలో ఆ కేబుల్ని
నాలుగు బోల్టులేసి బిగించాం," అన్నాడు.
"ఊడేది కాదు. ఊడాలని ఎవరూ అనుకోలేదు."
అది నిజమే. అబద్ధమైంది తర్వాత,
ఎవరో బోల్టుల బదులు
నొక్కితే ఊడే కొస పెట్టిన రోజు.
ఆ రోజు ఎవరూ అతనికి ఉత్తరం రాయలేదు.

"ఎంత మెమరీ ఇక తిరిగి రాదు?"
"మూడొందల పన్నెండు బైట్లు."
ముసలాయన కప్పు కింద పెట్టి
చాలాసేపు కిటికీలోంచి చూశాడు.
రెండు కిలోబైట్ల కోసం
ఒక క్రిస్మస్ సెలవంతా పోగొట్టుకున్న మనిషి.
"ఎక్కువే," అన్నాడు.

తుయిరే నవ్వబోయి ఆగింది.
అతను నవ్వడం లేదు.
కాసేపటికి తనే మరో ముక్క రొట్టె ఆమెవైపు జరిపాడు.
"సరే, ఉండనీ. మళ్ళీ దాటాల్సినవాడికి
తెప్ప ఉండాలి."

పొద్దు వాలుతోంది.
చూరునుంచి నీటిచుక్క, ఈ ఏడు మొదటిది,
మెట్టు మీద పడింది.
ఇద్దరూ విన్నారు.
"తిరిగి వెళ్ళడానికి దారి ఉందా?" అన్నాడు.
ఆమె బూట్లు వేసుకుంటూ
తాళంచెవులు వెతుక్కుంది.
"నేను వచ్చేటప్పటికి ఉంది."